రెండే రెండు మాటలు చెప్పి ముగిస్తాను

తెలుగునాట సభలకు కొదవ లేదు. కొదవంతా వినేవాళ్లకే. పుస్తకావిష్కరణ, సన్మానం, జయంతి, వర్ధంతి, పదవీ విరమణ, సంతాపం... ఏదో ఒక సాయంత్రం మీ ఫోను మోగుతుంది. "మీరు తప్పకుండా వచ్చి రెండు మాటలు మాట్లాడాలండీ" అంటుంది అవతలి గొంతు. కొత్తవాళ్లు ఇక్కడే దారి తప్పుతారు. ఏం మాట్లాడాలా అని ఆలోచన మొదలుపెడతారు. అది చిట్టచివర ఆలోచించవలసిన సంగతి. వీలు కాకపోతే మానేసినా నష్టం లేదు.

బాగా మాట్లాడడం నేర్పే పుస్తకాలు ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద కూడా దొరుకుతాయి. వాటన్నిటికీ ఒకటే జబ్బు. వినేవాడి వైపు నుంచి రాస్తారు. వేదిక మీద, బొకేల వెనకాల, ఫ్యాను గాలి తగలని కుర్చీలో రెండు గంటలు కూర్చునేవాడి బాగోగులు వాళ్లకు పట్టవు. ఆ లోటు పూడ్చడానికే ఈ సలహాలు. ఎక్కువగా పుస్తకావిష్కరణ సభనే ఉదాహరణకు తీసుకుంటాను. దాన్ని గట్టెక్కినవాడు ఇంకే సభలోనూ మునగడు.

పిలుపు వచ్చినప్పుడు

ఎవరు వస్తారు, వాళ్లకి ఈ విషయం ఎంతవరకు తెలుసు, నా వంతు ఎన్ని నిమిషాలు అని అడిగేవాళ్లున్నారు. చాదస్తం. మీరు అడగవలసింది ఆహ్వాన పత్రికలో పేరు ఎన్నో వరసలో ఉంటుందని. ముందు 'డాక్టర్' పడుతుందా, వెనక బిరుదు పడుతుందా, ఫొటో వేస్తున్నారా, వేస్తే పదేళ్ల నాటిది పంపితే వేసుకుంటారా అని. ఆ తర్వాత హోదా తేల్చుకోవాలి. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి అని నాలుగు రకాలున్నాయి. వీళ్లకి తేడా ఏమిటని ఎవరినీ అడక్కండి. తేడా ఉందని నమ్మడం వేదిక మర్యాద. మిమ్మల్ని ఆత్మీయ అతిథి అన్నారంటే మాత్రం హాలు అద్దెలో మీ వాటా ఏమైనా ఉందేమో కనుక్కోవడం మంచిది.

నిర్వాహకులు తమంతట తామే "ఏడు నిమిషాలండీ" అంటే "అలాగే, అలాగే" అనండి. గుమ్మం దాకా వచ్చినవాణ్ణి భోంచేసి వెళ్లమనడం లాంటి మాట అది. అన్నవాడూ నమ్మడు, విన్నవాడూ నమ్మడు.

ఇంట్లో గడియారం ఎదురుగా పెట్టుకుని, గట్టిగా చదువుకుని చూసుకోమంటారు పుస్తకాలవాళ్లు. ఆ పని చెయ్యకండి. మొదటి ప్రమాదం, మీ ప్రసంగం నిడివి మీకు తెలిసిపోతుంది. రెండోది అంతకన్నా పెద్దది. వంటింట్లోంచి మీ ఆవిడ వచ్చి, "ఇంతకీ మీరు చెప్పేదేమిటండీ?" అని అడుగుతుంది. సభకు ముందు ఏ వక్తకూ ఎదురుకాకూడని ప్రశ్న అది. ఒకసారి చెవిన పడితే మైకు ముందు నిలబడ్డా వదలదు.

తయారీ మీద మోజున్నవాళ్లు ప్రాచీన గ్రీకు వక్త డెమోస్తనీసు పేరు ఎత్తుతారు. నోట్లో గులకరాళ్లు పెట్టుకుని మాట్లాడేవాడట, గుట్ట ఎక్కుతూ ఒక్క ఊపిరిలో పద్యాలు అప్పజెప్పేవాడట, బయటికి పోవాలన్న కోరిక పుట్టకుండా సగం గుండు గీయించుకుని నేలమాళిగలో నెలల తరబడి సాధన చేసేవాడట. జీవిత చరిత్రకారుడు ప్లూటార్కు రాశాడు కాబట్టి కాదనలేం. కానీ మనకు అంత కష్టం దేనికి? గులకరాళ్ల బదులు కిళ్లీ ఉంది. గుట్ట బదులు వేదిక మెట్లున్నాయి, అరవై దాటిన మోకాళ్లకు అవి చాలు. సగం గుండు సంగతి వయసే చూసుకుంటుంది.

భయం గురించి

మైకు ముందు కాళ్లు వణకడం చాలామందికి ఉంటుంది. గాంధీ అంతటివాడికే తప్పలేదు. లండన్‌లో చదువుకునే రోజుల్లో శాకాహారుల సంఘంలో మాట్లాడదామని కాగితం మీద రాసుకుని వెళ్లి, తీరా సమయానికి నోరు పెగలక, ఇంకొకరి చేత చదివించాడు. బారిస్టరై వచ్చాక బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసుకు లేచి నిలబడితే తల తిరిగిపోయింది. సాక్షిని అడగడానికి ఒక్క ప్రశ్నా తోచలేదు. తీసుకున్న ముప్పై రూపాయల ఫీజు తిరిగిచ్చేసి బయటపడ్డాడు. ఆ బిడియం వల్ల చివరికి ఏం జరిగిందో ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు. మాటలు పొదుపుగా వాడడం అలవాటైందట. చూశారా, భయం ఎంత చెడ్డదో! దాన్ని మొదట్లోనే తుంచకపోతే మనిషి జన్మంతా ఆలోచించి మాట్లాడవలసి వస్తుంది.

దీనికి విరుగుడు తేలిక. వినేవాళ్లు వింటారనుకోవడం వల్లే భయం పుడుతుంది. వేదిక మీంచి ఒకసారి హాలంతా పరికించండి. ముందు వరసలో ఉన్నవాళ్లు ఫొటోలో పడడానికి వచ్చారు. రెండో వరసలో రచయిత బావమరుదులు, వియ్యాలవారు. మూడో వరసలో వచ్చే వారం తమ పుస్తకం ఆవిష్కరించుకోబోయేవాళ్లు, అప్పు తీర్చుకోవడానికి వచ్చారు. వెనకాల గోడవారగా ఉన్నవాళ్లు టీ ఎటు వైపునుంచి వస్తుందో చూస్తున్నారు. మీ మాట వినడానికి వచ్చినవాడు ఎవడూ లేడు. ఇంక భయమెందుకు?

(ఒకవేళ వెనక వరసలో ఒక అమ్మాయి చిన్న నోటుబుక్కు తెరిచి, కలం పట్టుకుని మీ వంకే చూస్తుంటే ఆ దిక్కుకు చూడకండి. ఏ కాలేజీలోనో పరిశోధన చేస్తూ ఉంటుంది. కలవరపెడుతుంది.)

పుస్తకం చదవాలా?

అక్కర్లేదు. పుస్తకం పది రోజుల ముందే మీ ఇంటికి చేరి ఉంటుంది. అది టీవీ మీద ఉంచండి, సభకు పట్టుకెళ్లడానికి వెతుక్కోనక్కర లేకుండా. ఆవిష్కరణకు తగినంత చదువు వేదిక మీదే అయిపోతుంది. ఆరు గంటల సభ ఆరున్నరకు మొదలవుతుంది. ఆ తర్వాత జ్యోతి ప్రజ్వలన ఉంటుంది. ఫ్యాను గాలికి కొవ్వొత్తి ఆరిపోతుంది, ఫ్యాను కట్టమంటారు, స్విచ్చి ఏదో ఎవరికీ తెలీదు. తర్వాత ప్రార్థన పాడే పిల్ల శ్రుతి చూసుకోవాలి. తర్వాత బొకేలు. ఇంత వ్యవధిలో పరీక్షలకే చదివేసిన వంశాలు మనవి!

చదవవలసిన క్రమం ఇది. ముందు వెనక అట్ట, అక్కడ రచయిత ఊరూ ఉద్యోగమూ ఉంటాయి. ఆ తర్వాత అంకితం. అది అమ్మకైతే అమ్మ గురించి రెండు నిమిషాలు గ్యారంటీ. ఆ తర్వాత ముందుమాట. ఇందులో పుస్తకం గురించి చెప్పదగ్గ మాటలన్నీ ఎవరో పెద్దమనిషి అప్పటికే మంచి భాషలో రాసిపెట్టి ఉంటాడు, మీరు చదివి వినిపిస్తే చాలు, పేరు ఎత్తనవసరం లేదు. ఆయన కూడా వేదిక మీదే ఉంటే మాత్రం ఆయన కన్నా ముందు మాట్లాడేటట్టు చూసుకోండి. ఆఖర్న, పుస్తకం నడిమధ్య ఏదో ఒక పేజీ తెరిచి ఒక వాక్యం కింద వేలు పెట్టుకోండి. "డెబ్బై మూడో పేజీలో ఒక వాక్యం ఉంది, నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు" అంటే, డెబ్బై రెండు పేజీలు చదవందే డెబ్బై మూడు ఎలా వస్తుందనుకుంటారు జనం. "చేతిలోకి తీసుకున్నాక కింద పెట్టలేకపోయాను" అని కూడా అనవచ్చు. అబద్ధం కాదు. వేదిక మీద బల్లనిండా బొకేలే, పెట్టడానికి చోటేదీ?

కవిత్వమైతే గుండె తడి, మట్టి వాసన, అక్షరం ఆయుధం కావడం, ఈ మూడూ ఏ సంపుటికైనా అతుకుతాయి. కథలైతే "ఈ కథల్లో జీవితం ఉంది" అనండి. లేదని నిరూపించగలిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. వ్యాసాలైతే ప్రతి ఇంటా ఉండవలసిన పుస్తకం. బయట బల్ల మీద అమ్మకానికి పెట్టి ఉంటారు గానీ మీరు ఆగనక్కర్లేదు, మీ ప్రతి మీకుంది.

ఒక్కటే చిక్కు. ప్రతి సభలోనూ పుస్తకం నిజంగా చదివినవాడు ఒకడు తగులుతాడు. ఆహ్వాన పత్రికలో 'పుస్తక సమీక్ష' అన్న చోట అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాడు. పేజీల మధ్య చీటీలు కనిపిస్తుంటాయి కాబట్టి గుర్తుపట్టడం తేలిక. ఫలానా కథలో ముగింపు ఎందుకు కుదరలేదో, రచయిత మొదటి పుస్తకానికీ దీనికీ ఏం మారిందో అతని దగ్గర రాసి ఉంటుంది. రచయిత ఈ సాయంత్రమంతటికీ ఎదురుచూస్తున్నది ఆ పది నిమిషాలకే అని కొందరు అంటారు. సాగనివ్వకండి. అతణ్ణి మీ తర్వాత పెట్టించండి. మీ తర్వాత ఇంకో ఇద్దర్ని పెట్టించండి. "సమయాభావం వల్ల సమీక్షకులు క్లుప్తంగా..." అన్న మాట అధ్యక్షుల నోటే వస్తుంది. చీటీలన్నీ తిరిగి సంచిలోకి పోతాయి.

పేర్ల దండకం

మాట్లాడడానికి లేచాక మొదటి పని వేదిక మీద ఉన్నవాళ్లందరినీ పేరుపేరునా తలుచుకోవడం. ఇందులో మనకు చిన్నప్పుడే శిక్షణ అయింది. పంద్రాగస్టు నాడు బళ్లో "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి, ఉపాధ్యాయినీ ఉపాధ్యాయులకు, నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు" అని ఒక్క గుక్కలో అప్పజెప్పేవాళ్లం. అది పూర్తయ్యేసరికి మిగిలింది మరిచిపోయేవాళ్లం. అయినా చప్పట్లు కొట్టారు, చాక్లెట్లు పెట్టారు. చప్పట్లు దేనికి పడతాయో మనకి తెలిసింది ఆ రోజునే.

లెక్క చూడండి. వేదిక మీద తొమ్మిదిమంది. ఒక్కొక్కరికి పేరు, బిరుదు, మీతో ఉన్న చనువు కలిపి అర నిమిషం. మీకిచ్చిన ఏడు నిమిషాల్లో నాలుగున్నర అక్కడే చెల్లిపోతాయి. మీరింకా ఏమీ అనలేదు గనుక ఎవరూ తప్పు పట్టలేరు. మధ్యలో ఒకరి పేరు మరిచిపోతే అక్కణ్ణుంచి అందుకోకూడదు, మళ్లీ మొదటి నుంచి చదవాలి. వాక్యం సగంలో ఉండగా కౌన్సిలరు గారు వస్తే వాక్యాన్ని అక్కడే వదిలేసి స్వాగతం చెప్పండి. ఆ రెండో సగం కోసం బెంగపడిన సభ నేనింతవరకు చూడలేదు. వేదిక మీద రచయిత్రి ఒక్కరే ఉంటే ఆమె పుస్తకాల పేర్లు గుర్తు పెట్టుకోనక్కర్లేదు. 'సోదరీమణి' అంటే చాలు. దీపం వెలిగించడానికి ఆమెనే పిలిచారు కదా.

ఏ భాషలో

ఇంట్లో మాట్లాడే భాషలో మాట్లాడితే ఇంట్లోవాడు మాట్లాడినట్టే ఉంటుంది. వేదికకు వేరే భాష కావాలి. 'వచ్చారు' అనకండి, 'విచ్చేసియున్నారు' అనండి. 'రాశారు' అనకండి, 'వెలయించారు' అనండి. ఈ భాషకు అన్నిటికన్నా అనువైన రోజు ఆగస్టు 29. వాడుక భాష కోసం జన్మంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టినరోజు అది, తెలుగు భాషా దినోత్సవం. ఆ సాయంత్రం రెండు రాష్ట్రాల్లోనూ మైకుల ముందు వినిపించే గ్రాంథికం ఏడాదిలో మరే రోజూ వినపడదు.

గిడుగు గురించి వక్తలు తెలుసుకోవలసింది ఇంకొకటుంది. 1925లో తణుకులో జరిగిన సభలో ఆయన నాలుగు గంటలు మాట్లాడారు. నాలుగు గంటలు! మనం నలభై నిమిషాలకే మొహం చిట్లిస్తాం. గ్రాంథికంలో తప్పు లేకుండా రాయగలిగిన రచయిత ఎవరూ లేరని ఉదాహరణ మీద ఉదాహరణ చూపిస్తూ రుజువు చేశారట. ఆ ఉదాహరణలన్నీ పోగుచెయ్యడానికి ఆయనకు ఎన్నేళ్లు పట్టిందో మనకు అనవసరం. మనకు కావలసింది నాలుగు గంటలు.

మైకు

దీని మీద ఎక్కువ చెప్పను, ఎందుకంటే మనవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. ముందు వేలితో రెండు దెబ్బలు, తర్వాత ఉఫ్ అని ఊదడం, తర్వాత "వినపడుతోందా?" అని అడగడం. వినపడనివాడు జవాబు చెప్పలేడు కాబట్టి అందరికీ వినపడుతున్నట్టే లెక్క. మైకుసెట్టు కుర్రాడు పొద్దున్నుంచీ సరిచేసి పెట్టుకున్న ఎత్తును మార్చండి. పిడికెడు దూరంలో ఉంచి మాట్లాడమంటాడు, వినకండి. మూతికి ఆనించండి, మాటలు బుడబుడమన్నా గాంభీర్యం వస్తుంది. లేదా చేత్తో పట్టుకుని దాని తలను గుప్పిట్లో మూసేసి, స్పీకరు బాక్సు ఎదటికి నడవండి. బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి పోయి, తిరిగి బాక్సులోంచి వచ్చి, చుట్లు తిరుగుతూ కుయ్యిమని అరుస్తుంది. వెనక వరసలో నిద్రపోతున్నవాళ్లు లేస్తారు. సాయంత్రం మొత్తంలో శ్రోతలందరూ ఒకేసారి స్పందించే క్షణం అదే కావచ్చు.

విషయం

ఇంతదూరం వచ్చాక కొంత విషయం కూడా ఉండాలేమో అన్న అనుమానం వస్తుంది కొందరికి. అష్టావధానం చూడండి. పృచ్ఛకులు ఎనిమిదిమంది. సమస్య, దత్తపది, వర్ణన అంటూ ఒక్కొక్కరిది ఒక్కో పని. వాళ్లలో ఒకే ఒక్కడు అప్రస్తుత ప్రసంగి. అవధాని ధారణ చెడగొట్టడానికి సంబంధం లేని కబుర్లు ఎత్తడం అతని ఉద్యోగం. ఎనిమిదింట ఒకటి. మన సభలు ఎంత ముందుకెళ్లాయో గమనించారా? ఇక్కడ తొమ్మిదికి తొమ్మిదిమందీ ఆ విద్యలో ఆరితేరినవాళ్లే. పైగా అవధాన సభలో అప్రస్తుత ప్రసంగికి చమత్కారం ఉండాలి, లోకజ్ఞానం ఉండాలి, ఎప్పుడు ఆపాలో తెలియాలి. మనకా నిబంధనలేవీ లేవు.

కాబట్టి మీ గురించి మాట్లాడండి. రచయిత మీకు ఎప్పుడు తటస్థపడ్డాడో మొదలుపెట్టి, అప్పుడు మీరు ఏ ఉద్యోగంలో ఉన్నారో, ఆ ఆఫీసులో మీరు ప్రవేశపెట్టిన మార్పులేమిటో చెప్పి, మీ షష్టిపూర్తి మీదుగా మనవడి అమెరికా సీటు దాకా రావచ్చు. సంతాప సభ ఇందుకు మరీ అనుకూలం. పోయినాయన లేచి కాదనలేరు. "నా మొదటి పుస్తకం చదివి ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు" అనండి. ఆయన భార్య ముందు వరసలోనే కూర్చుని, ఆ పుస్తకం ఏదబ్బా అని గుర్తు చేసుకునే ప్రయత్నం చేస్తుంటుంది. ఆవిడ దుఃఖాన్ని కాస్త మళ్లించినవారవుతారు.

కాగితం రాసుకోమని కొందరు పోరు పెడతారు. వాళ్లకి మార్టిన్ లూథర్ కింగ్‌ని చూపించండి. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో, రెండు లక్షలకు పైగా జనం ఎదుట, రాసుకొచ్చిన ప్రసంగం చదువుతూ చదువుతూ పక్కనపెట్టేశాడు. "ఆ కల సంగతి చెప్పు మార్టిన్" అని గాయని మహేలియా జాక్సన్ వెనకనుంచి కేక వేసిందంటారు. ఆ తర్వాత వచ్చిందే లోకానికి గుర్తుండిపోయిన భాగం. కాగితం పక్కన పెట్టేస్తేనే అంత గొప్పగా వచ్చిందంటే, అసలు రాయకపోతే ఇంకెంత గొప్పగా వస్తుందో ఊహించుకోండి. ఆ కల మాటలు అంతకు రెండు నెలల ముందే డెట్రాయిట్‌లో చెప్పి చూసుకున్నాడనీ, చర్చిలో ఏళ్ల తరబడి వారం వారం ప్రసంగించి ప్రసంగించి ఆ గొంతుకు ఆ వాక్యాలు అలవాటయ్యాయనీ ఎవరైనా అడ్డం వస్తే, సమయాభావం అని చెప్పండి.

నిడివి

గెట్టిస్‌బర్గ్ కథ చెప్పి మనల్ని బెదిరించడం ఒక ఆచారమైపోయింది. 1863 నవంబరు 19. లింకన్ రెండు నిమిషాలు మాట్లాడాడు, మూడు వందల మాటలు కూడా లేవు, లోకమంతా అదే గుర్తు పెట్టుకుంది అని. కథలో అసలు భాగం దాచేస్తారు. ఆ రోజు ప్రధాన వక్త లింకన్ కానే కాదు. ఎడ్వర్డ్ ఎవరెట్. హార్వర్డ్‌కు అధ్యక్షుడిగా చేసినవాడు, విదేశాంగ మంత్రిగా చేసినవాడు. సభ అక్టోబరు 23న పెట్టుకుందామంటే, తయారు కావడానికి నాకా సమయం చాలదన్నాడని తేదీనే నెల దాకా వెనక్కి జరిపారు. వక్తంటే అదీ గౌరవం! ఆయన రెండు గంటలు మాట్లాడాడు. లింకన్‌ను పిలిచింది ఆ తర్వాత నాలుగు ముక్కలు చెప్పడానికి, మన లెక్కలో ఆత్మీయ అతిథి. మర్నాడు ఎవరెట్టే లింకన్‌కు ఉత్తరం రాసి, తాను రెండు గంటల్లో అందుకోలేనిది ఆయన రెండు నిమిషాల్లో అందుకున్నాడని మెచ్చుకున్నాడట. వక్తలు సభ అయ్యాక ఉత్తరాలు రాయకూడదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

మనకు ఆదర్శం వేరే ఉంది. 1957 జనవరి 23న భద్రతామండలిలో కాశ్మీరు మీద మన దేశం తరఫున వి.కె. కృష్ణమీనన్ లేచారు. ఆ రోజు చాలక మర్నాడు కూడా కొనసాగించారు. మొత్తం ఎనిమిది గంటల దాకా. మధ్యలో ఒళ్లు తూలి పడిపోయి, లేచి మళ్లీ మాట్లాడారు. ఇలాంటి ఘనతను ఓట్ల లెక్కతో కొలిచే అల్పులుంటారు. ఆ 24నే తీర్మానం పదికి సున్నాతో మనకు వ్యతిరేకంగా నెగ్గిందనీ, సోవియట్ యూనియన్ ఒక్కటే ఓటెయ్యకుండా ఊరుకుందనీ అంటారు. మనదేశంలో ఆయనకు పట్టిన హారతుల మాట ఎత్తరు. ప్రసంగం ఎదుటివాళ్ల మనసు మార్చడానికే అనుకుంటే ఆ లెక్క సరే. మన సంగతి అది కాదుగదా.

ఎక్కువ మాట్లాడితే ఆరోగ్యానికి చేటని భయపడేవాళ్లు అమెరికా అధ్యక్షుడు విలియం హెన్రీ హారిసన్ పేరు చెబుతారు. 1841 మార్చి 4న చలిలో, కోటూ టోపీ లేకుండా, దాదాపు రెండు గంటలు ప్రమాణ స్వీకార ప్రసంగం చదివాడు. ఎనిమిది వేల మాటలు పైనే, అదీ రాజకీయ నాయకుడు డేనియల్ వెబ్‌స్టర్ దగ్గర కూర్చుని కత్తిరించాక. సరిగ్గా నెలకు చనిపోయాడు. చాలాకాలం ఆ ప్రసంగాన్నే తప్పుపట్టారు. ఈమధ్య వైద్యులు పాత రికార్డులు తిరగేసి, చావుకు కారణం చలి కాకపోవచ్చు, వైట్‌హౌస్ తాగునీరు చెడిపోవడం కావచ్చునంటున్నారు. కాబట్టి నిశ్చింతగా ఉండండి. ఆ చలిలో రెండు గంటలు నిలబడి విన్నవాళ్ల ఆరోగ్యం గురించి ఏ వైద్యుడూ పట్టించుకోలేదు, మనమూ వద్దు.

అధ్యక్షుల వారి నుంచి చీటీ వస్తుంది. మొదటి చీటీని చదివి, నవ్వి, జేబులో పెట్టుకోండి. రెండోది వచ్చినప్పుడు "అధ్యక్షులు నన్ను తొందరపెడుతున్నారు" అని సభకు ఫిర్యాదు చెయ్యండి. మర్యాదస్తులు ముగ్గురు నలుగురు "ఫర్వాలేదు, చెప్పండి" అంటారు. అది ప్రజాతీర్పు. మూడోది ఎలాగూ రాదు, ఆయన కునుకు తీస్తుంటారు. 'చివరగా' అన్న మాటను ఒక్కసారికే ఖర్చుపెట్టకండి. ముందు 'చివరగా', పది నిమిషాలకి 'చిట్టచివరగా', ఆ తర్వాత 'ఒక్క చిన్న విషయం చెప్పి ముగిస్తాను'. ప్రతిసారీ హాల్లో చిన్న కదలిక వస్తుంది, చెప్పుల కోసం కాళ్లు వెతుక్కుంటాయి. సభ మీ గుప్పిట్లో ఉందనడానికి గుర్తు అదే.

జూమ్ సభల్లో ఇన్ని హంగులు లేవు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లు శనివారం పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ, కెమెరా ఆపేసి వింటుంటారు. మీకెదురుగా నల్లని పలకలు, వాటి మీద పేర్లు. శ్రోతలు ఇంత బాహాటంగా లేకపోవడం మొదట్లో కాస్త ఇబ్బందిగా ఉంటుంది. వారం రెండు వారాల్లో అలవాటవుతుంది. మ్యూట్‌లో ఉండి పావుగంట మాట్లాడిన ఒక పెద్దాయనకు కూడా "చాలా బాగా చెప్పారు సార్" అని చాట్‌లో దండాలు వచ్చాయి.

మీది అయ్యాక

శాలువా కప్పించుకుని, జ్ఞాపిక అందుకుని, ఫొటోలో రచయిత కన్నా అర అడుగు ముందు నిలబడి, "రైలుంది, ఏమీ అనుకోకండి" అని చెప్పి దిగిపొండి. మీ వెనకాల మాట్లాడేవాళ్లు ఎలాగూ "నేను చెప్పాలనుకున్నవన్నీ ముందువాళ్లు చెప్పేశారు" అనే మొదలుపెడతారు, విని చేసేదేమీ లేదు. ఆ మాటన్నాక వాళ్లు ఇంకో ఇరవై నిమిషాలు ఏం చెబుతారన్నది మీరు పుచ్చుకోవలసిన తలనొప్పి కాదు.

ఎవరెంత బతిమాలినా వందన సమర్పణ మాత్రం ఒప్పుకోకండి. గొంతు బాగోలేదని చెప్పండి, ఊళ్లో లేనని చెప్పండి. ఆ పని సాధారణంగా కుర్రవాడెవడికో అంటగడతారు. అప్పటికి హాలు సగం ఖాళీ, కుర్చీలు మడతపెడుతుంటారు. ఆ గోలలో అతను లేచి, ఎవరెవరికి ఎందుకు కృతజ్ఞత చెప్పాలో వేళ్ల మీద లెక్కపెట్టుకుని చెబుతాడు. పుస్తకం అచ్చు తప్పులు దిద్దినావిడకి, అట్టమీద బొమ్మ వేసినాయనకి, మైకుసెట్టు కుర్రాడికి పేరు పెట్టి మరీ. నిమిషంలో అయిపోతుంది. వేదిక మీది పెద్దలు చెప్పులు తొడుక్కుంటూ ఆ ఒక్క నిమిషం ఆగి వింటారు, ఎవరికి ఏం అందిందో అందరికీ తెలుస్తుంది, ఒక్క మాట కూడా వృథా పోదు. అలా మాట్లాడితే మళ్లీ ఎవరు పిలుస్తారు మిమ్మల్ని?